మలుపులో బయటి పట్టా

బాపూ,

నువ్వు పోయాక వచ్చిన తొలి ఉగాదికి పెరట్లో నీ బొమ్మ రైలు మళ్లీ నడిచింది. గడ్డి పీకి, పట్టాల కింద కంకర సర్ది, పక్కన చెట్లలా మరువం కొమ్మలు నాటాను. మలుపులో బయటి పట్టా కాస్త ఎత్తుగా కనిపిస్తే, లోపలిది వానలకు కుంగిందనుకొని రెండూ సమం చేశాను. నీలాగే రైలు పెట్టె మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి నడిపితే సరిగ్గా అక్కడే ఒలికాయి.

"అది మీ బాపు కావాలనే ఎత్తు పెట్టిండు. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు పట్టాలేసినోనికి తెల్వదా?" అంది అవ్వ.

బయటి పట్టా మళ్లీ ఎత్తాను. రైలు చుట్టంతా తిరిగినా చుక్క ఒలకలేదు. బొమ్మ రైలుకు కూడా ఇంత పనితనమా, బాపూ!

రైలు ఆగగానే ఆ నీళ్లు నువ్వు గటగటా తాగేవాడివి. ఈసారి అవ్వ గ్లాసు అందుకొని మరువానికి పోసింది.