గుడిసెకు నిప్పు పెట్టేవాడు

జనవరి 11

నాన్న పోయి ఏడాది. జపమాల ప్రార్థన అయ్యాక వెనక వంటింట్లో ఎర్రన్నం, నిమ్మరసం, కొబ్బరి కోరు కలిపిన కోడి కెలగ్వెన్ తింటూ ఇంటిల్లిపాదీ ఒక మాట మీదికి వచ్చాం. ఈసారి గుడిసె అల్లేది లేదు. తాత కాలం నుంచీ మార్చిలో మా దీవిలో జరిగే మెగలన్ ఉత్సవానికి కొబ్బరాకులతో గుడిసె కట్టేది మా ఇంటివాళ్ళే. నాటకంలో రేవులో దిగిన మెగలన్ దానికి నిప్పు పెడతాడు. కెవ్వుమని బయటికి పరిగెత్తేది నేను. అడ్డం వెళ్ళి చచ్చేది మా అన్న ఫెలీస్.

మాట ఎత్తింది అన్నే. ఐదొందల ఏళ్ళ కిందట ఓడల్లో వచ్చి ఆ మెగలన్ మారాజు మన ఇళ్ళు తగలబెట్టాడు సరే, ఏటేటా మనమే ఇల్లు కట్టి, రావయ్యా బాబూ అంటించు అని పిలవడమేంటి, సిగ్గులేదూ మనకి, అన్నాడు. అమ్మ వక్క నమలడం ఆపి అన్న వంక చూసింది. తర్వాత తలూపింది. అన్నను చూసి ఇంత గర్వం నాకెప్పుడూ కలగలేదు.

జనవరి 14

అన్నా నేనూ మేయర్ దగ్గరికి వెళ్ళాం. అందరి తరఫునా నేనే చెప్పాను. ఆయన నవ్వాడు. జనం వచ్చేదే గుడిసె కాలడం చూడ్డానికమ్మా రెమీ, అది లేకపోతే ఇంకేముంది అన్నాడు. ఎంతైనా మనల్ని కనిపెట్టింది ఆ మెగలనేగా అని కూడా అన్నాడు.

కనిపెట్టడానికి మేమేమైనా తప్పిపోయామా అన్నాను. తప్పిపోయింది ఆయన. నడిసముద్రంలో ఎలుకలు తింటూ వచ్చాడు. మనవాళ్ళు కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు, చేపలు ఇచ్చారు. ఓడకు కట్టిన చిన్న పడవ తీసుకున్నారు. ఇచ్చినచోట పుచ్చుకోవడం మన పద్ధతి. దానికి ఏడుగురిని చంపి, నలభై పైచిలుకు ఇళ్ళు కాల్చి, పోతూ పోతూ దొంగల దీవులని పేరు పెట్టి పోయాడు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

అన్న కిటికీలోంచి రేవు చూస్తూ కూర్చున్నాడు. వచ్చేటప్పుడు అడిగితే, నువ్వు దంచేస్తున్నావుగా, మధ్యలో నేనెందుకే అన్నాడు.

జనవరి 29

మేయర్ అన్నను ఒక్కడినే పిలిపించాడట. ఏంటి సంగతంటే మన ఇంటి ముందు రోడ్డు గురించి అన్నాడు. మా రోడ్డు ఆయనకెప్పుడు పట్టింది!

ఫిబ్రవరి 6

నేను పనిచేసే కొట్లో సగం మంది నా కౌంటర్‌కి రావడం మానేశారు. ఒకామె వచ్చి మరీ దులిపింది. నీ పంతం కోసం మా బార్బెక్యూ బల్లలు ఎత్తేయాలా, మాకు బేరం తగిలేదే ఆ ఒక్కరోజు అంది. నిజమే. బాధేసింది. అయినా మాట మాటే.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం

మెగలన్ వేషం వేసే నేవీ ఆయనకు బదిలీ అయిందట. పీడా పోయింది. గుడిసె లేదు, మెగలనూ లేడు. చాలా రోజులకు ఆకలేసింది.

ఫిబ్రవరి 26

మెగలన్ మా అన్న.

ఫిబ్రవరి 26, మళ్ళీ

పికప్‌లో సీటు వెనక రేకు టోపీ, ఎర్ర అంగీ. నేను చూశానని తెలిసి అన్న తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అడిగాను. చివరికి కక్కాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇసకలో పడి చస్తున్నానే చెల్లీ, ప్రతి ఏడూ చెవుల్నిండా ఇసకే, పెళ్ళాం పిల్లల ముందు చావడమే, ఒక్కసారి నాకూ చంపే వంతు రానీవే, అన్నాడు.

నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. అందుకు నా మీద నాకే కోపం. మరి మనం అనుకున్న మాటో, అంటే, మాటదేముందే, నాటకమేగా అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

మార్చి 2

రేవులో గుడిసె లేచింది. ఎవరు అల్లారా అని దగ్గరికి వెళ్ళాను. తడికె అంచుల్లో ఆకు కొస రెండుసార్లు లోపలికి మడిచి ఉంది. అలా మడిచేది మా అమ్మ.

ఇంటికొచ్చి అమ్మ చేతులు పట్టుకు చూశాను. వేళ్ళ నిండా ఆకు కోసిన గీతలు. దాచలేదు. ఏం చెయ్యనే, వాడు అడిగాడు, నువ్వు అలిగినా అన్నం తింటావు, వాడు మానేస్తాడు అంది. వక్క చీల్చి సగం నాకిచ్చింది. తీసుకోలేదు. బుద్ధెరిగాక అమ్మ ఇచ్చిన వక్క కాదనడం ఇదే మొదలు.

మార్చి 5

రేపు వెళ్ళను.

మార్చి 6, సాయంత్రం

వెళ్ళాను. అందరికంటే ముందే గుడిసెలో దూరి కూర్చున్నాను. కేక పెట్టను, పరిగెత్తను. అన్న చేతిలో నిప్పు, లోపల నేను. అప్పుడైనా ఆ మాట గుర్తొస్తుందనుకున్నాను.

బయట మైకు మోగింది. పడవలు ఒడ్డుకు తగిలాయి. గుమ్మంలో అన్న, రేకు టోపీ కింద చెమట, చేతిలో కాగడా. చెల్లీ లే, అన్నాడు మెల్లగా. లేవను, ఇది నా ఇల్లు అన్నాను. జనం చూస్తున్నారే అన్నాడు. చూడనీ అన్నాను. నాన్న మీద ఒట్టు, లేవవే అన్నాడు. నాన్న జపమాల నాడు ఇచ్చిన మాట ఏమైంది అన్నాను.

అన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగా తిరిగాయి, నేను చూశాను. గెలిచాననుకున్నాను. బయట ఎవరో, అంటించవయ్యా ఎంతసేపు, అని అరిచారు. నా కళ్ళల్లోకి చూస్తూనే కాగడా చూరుకి ఆనించాడు.

ఎండాకు కప్పు భగ్గుమంది. వెనక తడికె చీల్చుకుని బయటపడ్డాను. మోచేయి కాలింది, పెద్దదేం కాదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా లేచి నిలబడింది. తను చప్పట్లు కొట్టిందో లేదో చూడలేదు. చూడాలనిపించలేదు.

మార్చి 7

అన్న రాలేదు.

మార్చి 9

మేయర్ కొట్టుకొచ్చి మెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళలో అంత సహజంగా ఎవరూ చెయ్యలేదట. వచ్చే ఏడు కూడా అలాగే లోపల కూర్చోవాలట. నా తరఫున అన్న అప్పుడే సరేనన్నాడట.