కోడలు తుడవని బండలు

వరాలూ,

రేపు నీ సంవత్సరీకం. మొన్న స్నానాల గదిలో పడ్డాను. తలకు దెబ్బ తగిలింది. "బండలు కడిగి తుడవలేదు, మావయ్యగారిని నేనే పడేశాను" అంటూ కోడలు గుడివాడ ఆసుపత్రి దాకా ఏడుస్తూనే ఉంది.

తలకు స్కానింగ్ తీశారు. "దెబ్బ పైపైనే తగిలిందమ్మా. లోపల నరంలో రక్తం గడ్డకట్టింది. పక్షవాతం ముందొచ్చింది, ఆయన తర్వాత పడ్డారు" అన్నాడు డాక్టరు. అప్పుడు కళ్లు తుడుచుకుంది.

నా ఎడమచేతిని సూదితో గుచ్చి చూశాడు. నాకేం తెలియలేదు.

"పడేముందు ఏమైందండీ?"

ఏమీ లేదన్నాను. కోడలి తప్పు లేదని నాకు ముందే తెలుసు. నువ్వొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నావని వాళ్లకెలా చెప్పను?

సూది తెలియని ఆ చేతికి నీ గాజుల చల్లదనం ఇప్పటికీ తెలుస్తోంది.