మూడో కుర్చీలో బాపు

గంధం నిరీక్షణ అను నేను, యాకోబు, సువార్తమ్మల బిడ్డను, వయస్సు ఇరవై ఆరేండ్లు, ఎమ్మెస్సీ చదివి హుజూరాబాద్‌ల ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్న. తెలివి బాగనే ఉన్నది. చెడింది గుండెల వాల్వ్ ఒక్కటే. శుక్రవారం హైదరాబాద్‌ల ఆపరేషన్. డాక్టరు ఫికర్ చెయ్యొద్దన్నడు. ఆ మాటే మళ్లీ మళ్లీ అనేసరికి కాగితం తీసిన.

1. నా తదనంతరం నా బంగారు కమ్మలు మా అవ్వకు చెందాలె. అవ్వా, నువ్వే పెట్టుకో. చర్చిల కానుకల సంచిల వేసినవంటే ఊకోను.

2. నా స్కూటీ, సర్వహక్కులతో, నా దోస్తు హర్షిణికి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. దాని హారన్ నొక్కకుండనే మోగుతది. హర్షిణీ, నీకూ దానికీ మంచిగ కుదురుతది.

3. దవాఖానల నాకు మంచం దొరకడానికి మా ఊరి సర్పంచ్ జనార్దన్‌రావు గారు తిరిగిండు, ఫోన్లు చేసిండు. అబద్ధమెందుకు, మేలు చేసిండు. ఆయనకు నా దండం రాసిస్తున్న. నా శవాన్ని రాసిస్తలేను. నా సమాధి కాడ ఆయనకు మైకు ఇయ్యొద్దు.

4. మా బాపుకు ఆస్తి ఏమీ రాస్తలేను. మాట రాస్తున్న.

మా ఊళ్లె ఏది ప్రారంభించినా సర్వమత ప్రార్థన ఉంటది. స్టేజీ మీద మొదటి కుర్చీ పంతులుది, రెండోది ఇమాం సాబ్‌ది, మూడోది చర్చి ఉపదేశి అయిన మా బాపుది. ఆ కుర్చీని నేను తక్కువ చేస్తలేను. మా తాత ఆ రావుల వాకిట్ల చెప్పులు చేతవట్టుకొని నిలవడ్డోడు. ఇయ్యాల అదే ఇంటాయన, మన సర్పంచు, "అయ్యగారూ, దయచెయ్యుండ్రి" అంటడు. ఇస్త్రీ అంగీతోని బాపు లేస్తుంటే వాడంతా మెడలు సాపి చూస్తది. నేనూ చూసిన.

పోయిన నెల నీళ్ల ట్యాంకు ప్రారంభించిండ్రు. పైపు మా వాడ మొదట్లనే ఆగింది. బాపు మాత్రం కండ్లు మూసి, "ప్రతి గడపకు నీళ్లిచ్చిన తండ్రీ, సర్పంచు గారిని దీవించు" అన్నడు. ఆ సాయంత్రం అవ్వ ఎప్పటిలెక్కనే బోరింగు కాడ బిందె పట్టుకొని నిలవడ్డది. పక్కింటి పోశవ్వ, "ఏందే సువార్తా, మీ ఆయన దేవునికి తప్పు అడ్రసు చెప్పిండా?" అన్నది. అందరు నవ్విండ్రు. అవ్వ నవ్వలే.

నేను అడిగితే బాపు ఏమన్నడు? "పిలిచినోళ్ల పెండ్లిల పప్పుల ఉప్పు లేదంటమా బిడ్డా?"

పెండ్లోళ్లతోని మాట్లాడితే అనం బాపు. నువ్వు మాట్లాడింది దేవునితోని. ఆయనకు మన వాడ తెల్వదా? సంఘంల కొందరు ప్రార్థన తలుపేసుకొనే చెయ్యాలంటరు. నాకు అదీ ఒప్పదు. తలుపేసుకుంటే మన గోస ఊరికెట్ల వినవడాలె? కాని మైకుల ఆమెన్ అంటే ఊరంతటి తరఫున దేవుని ముందు సాక్ష్యం చెప్పినట్టు. అబద్ధ సాక్ష్యం వద్దు.

బుధవారం పొద్దున కమ్యూనిటీ హాల్ ప్రారంభం, అదైనంకనే మనం బస్సెక్కేది. నా ఆపరేషన్ కోసం అక్కడ ప్రార్థన చేస్తనని సర్పంచుకు మాటిచ్చినవట. చెయ్యి. కాని నా పేరెత్తే ముందు "తండ్రీ, మా వాడకు నీళ్లు రాలే" అను. అనలేకుంటే నా పేరెత్తకు. ఇది ఏ కోర్టూ అమలు చెయ్యదని నాకు తెలుసు.

5. సాక్షి సంతకం పెట్టినోళ్లకు, వాళ్ల ఆలుమగలకు వీలునామాల ఏమీ దక్కదని వకీలు చెప్పిండు. అందుకే అవ్వ కమ్మలు బస్సెక్కే ముందే ఆమె చేతుల పెడుత. బాపుకు నేను ఏమీ రాయలే గనుక ఆయన సాక్షి కావచ్చు. సాక్షి నా రాతను ఒప్పుకోవాలనేం లేదు, నేను సంతకం పెట్టంగ చూస్తే చాలు. కాని బాపు చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. అందుకే ఆయనను పెట్టిన.

హుజూరాబాద్, 9 ఫిబ్రవరి 2026.

(సంతకం) గంధం నిరీక్షణ

సాక్షులు:

లక్ష్మీరాజం, మరమగ్గం కార్మికుడు, హర్షిణి తండ్రి. నిరీక్షణ నా ముందటనే సంతకం పెట్టింది.

గంధం యాకోబు, ఉపదేశి. చదివిన. ఆమెన్ అనలే. బుధవారం ఏమంటనో నాకే తెల్వదు.