సింహాద్రికి దొరికిన వకీలమ్మ

బావా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. హార్బర్లో బోటు డీజిల్ పోయిందని నీ మీద పెట్టినటువంటి కేసే మన వీధి సింహాద్రి మీదా పెట్టారు. వాడు నిన్న బెయిల్ మీద వచ్చేశాడు. టీకొట్టు దగ్గర వాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

"జడ్జిగారి ముందు ఏటి సెప్పావురా?" అన్నాను.

"ఏటీ సెప్పలేదు మావా. డబ్బుల్లేవంటే కోర్టోళ్లే వకీలమ్మనిచ్చారు. జైలుకొచ్చి అరగంట కూకున్నాది. నాను మాటాడతాను, నువ్వు నోరిప్పకు అన్నాది."

"నువ్వేటి ఆవిడకి అల్లుడివా?" అని ఆటపట్టించాను. వాడు నవ్వాడు. నాకు మాత్రం కుళ్లు ఆగలేదు. నీకోసం ఎవరూ అరగంట కూర్చోలేదు.

ఈరోజు కోర్టు దగ్గరికెళ్లి ఆ వకీలమ్మకి నీ సంగతి చెప్పాను.

"అప్పుడూ ఫ్రీ లాయర్‌ని అడగొచ్చు కదండీ," అంది.

మనకెవరు చెప్పారు? మన పేటలో తప్పు చేయకపోయినా పెద్దల ముందు దండం పెట్టి "తప్పయిపోనాది బాబూ" అంటే గొడవ అక్కడితో సరి. కోర్టూ అంతే అనుకుని నిన్నూ అలాగే అనమన్నాను. అన్నావు. శిక్ష వేశారు. జైల్లో జ్వరమొచ్చి పోయావు. నీ లుంగీ, చొక్కా సంచిలో పెట్టి అక్కకి ఇచ్చారు.

నేను ఎప్పుడూ ఏదో ఒక అబద్ధమాడి ఏడిపించేవాణ్నని నా మాట నువ్వు నమ్మేవాడివి కాదు. నీ పడవ కొట్టుకుపోతోందని అరిచినా కూర్చున్న చోటునుంచి లేచేవాడివి కాదు. ఆ ఒక్కరోజే నమ్మావు.