ఉంచుకోమన్న యాప్

అక్కా,

షేర్ల సలహాలిచ్చే యాప్‌లలో దేనికి డబ్బు కట్టొచ్చో పరీక్షించి చెప్పమని బావ నాకు అప్పగించాడు కదా. నేను చెప్పినదానికి ఆయన్ని కట్టనివ్వకు. ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

నెలరోజులు రెండు యాప్‌లూ పక్కపక్కన పెట్టి చూశానని మీతో అన్నాను. నిజానికి మొదటి వారంలోనే, నా దగ్గరున్న సిమెంటు కంపెనీ షేర్లు అమ్మేయమని ఒకటి చెప్పింది. "వీళ్ల మొహం, వీళ్లకేం తెలుసు" అనుకుని దాన్ని తెరవడం మానేశాను. రెండోది ఉంచుకోమంది. అది ఎంత తెలివైనదో అనిపించింది. మీ ఇంట్లో భోజనాల దగ్గర దాన్ని ఆకాశానికెత్తేశాను. "మా బావమరిది అన్నీ తూచి గానీ చెప్పడు" అని బావ పక్కింటాయనతో అంటుంటే, తలొంచుకుని అన్నం కలుపుకున్నాను.

ఆ షేరు పడిపోయింది. అలాగని అమ్మేయమన్న యాప్ మంచిదని కూడా చెప్పలేను, దాన్ని నేను చూస్తే కదా.

ఈ పని షేర్లేమీ లేనివాళ్లకి అప్పగించండి. నాకు మాత్రం వద్దు. ఈ పొద్దున కూడా లేస్తూనే ఆ ఉంచుకోమన్నదాన్నే తెరిచాను. ఇంకా ఉంచుకోమనే అంటోంది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

నీ తమ్ముడు