ఎల్లవ్వ చల్లిన ఉలవలు

చిన్నకోడూరు
1992, పుబ్బ కార్తె, బుధవారం

వరినారు ఎండిపోయినప్పటి నుంచి నాకు ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఈ ఏడు కూడా వాన మురిపించి పోయింది. బొంబాయి దగ్గరి భివండి పోయి మగ్గం పని చూసుకుంటానని పొద్దున నా భార్య ఎల్లవ్వతో అన్నాను. ఆమె కోపం చేయలేదు.

"మన చిన్నప్పటి వానలు ఇగ రావయ్యా. వచ్చిన వానకు ఏది పండుతదో గదే ఏద్దాం," అంటూ, బూడిద కలిపి దాచిన ఉలవల కుండ దించింది.

నిన్నటి జల్లుకు మడిలో కాస్త పదును ఉంది. నేను నాగలి పట్టాను. ఆమె నా వెనకే గింజలు చల్లింది. వరిమడిలో ఉలవలేందని గట్టు మీద నిలబడి నవ్విన పక్క పొలం మల్లయ్య, సాయంత్రం మా ఇంటికే వచ్చి విత్తనాలు అడిగాడు. ఎల్లవ్వ మిగిలినవన్నీ అతని తువ్వాలలో పోసింది.

అతను పోయాక, "మనయి మొలవకుంటే మళ్ల చల్లనీకి ఏమున్నయే?" అన్నాను.

"ఊరంత ఎండి మన చేనొక్కటే పచ్చగుంటే గొడ్లన్నీ గాడనే పడ్తయ్. అందరియి పచ్చగుండాలె," అంది.

ఇంత గుండె ఈమెకు ఎక్కడి నుంచి వచ్చిందో! మొలకలు వస్తాయో రావో తెలియదు. మల్లయ్యకు ఎడ్లు లేవు. రేపు మావి తోలుకుపొమ్మని ఇప్పుడే చెప్పి వచ్చాను.