అంతయ్య దించిన లాంతరు

చొప్పదండి,
ఏప్రిల్ 1964

గౌరవనీయులైన ఇంజనీరు గారికి దవాఖాన స్టోరు గుమస్తా నమస్కరించి చేసుకునే మనవి.

దవాఖాన మురుగునీళ్లు చేరే మూతగుంతలో పుట్టే గ్యాసుతోనే మన వంటశాల పొయ్యి మండుతున్నదని తమకు తెలుసు. ఆ గుంతలో పేరుకున్న బురద తీయడానికి పోయిన నెల బావులు తవ్వే అంతయ్యను పిలిపించాము. "పాయఖాన నీళ్లతోని బువ్వ వండుతుండ్రట గదా సారూ, గా ముచ్చట నేను జూడాలె" అని నవ్వుకుంటూ వచ్చాడు.

పాత బావిలోకి దిగేముందు ఇక్కడి బావి పనివారు వెలిగించిన లాంతరును తాడుతో లోపలికి దించుతారు. "దీపం ఆరితే గాలి చెడ్డది, దిగొద్దు. మండితే దిగొచ్చు" అని కూలీలకు చెప్పి, మూత తీసి అతడు అదే చేశాడు. గ్యాసు అంటుకొని ఒక్కసారిగా మంట పైకి లేచింది. మూడో రోజు అంతయ్య చనిపోయాడు. అతని పార, తట్ట, గడ్డపార నా స్టోరులో భద్రంగా ఉన్నవి, లాంతరు మిగలలేదు. నిప్పు తేవద్దని అక్కడ పలక ఉన్నది కానీ, అది ఇంగ్లీషులో ఉన్నది.

తమ విచారణ పత్రంలో "మృతుని నిర్లక్ష్యమే కారణం" అని వ్రాశారు. అతడు చేసినది తనకు తెలిసిన జాగ్రత్త. ఆ వాక్యం మార్చవలసిందిగా వేడుకుంటున్నాను.

నిన్న అతని భార్య ఐలవ్వ ఆ కాగితం చదివి చెప్పమని వచ్చింది. "మా ఇంటాయన మస్తు పైలంగ, జాగర్తగ ఉండేటోడు సారూ. అండ్ల ఏం రాసిండ్రు?" అని అడిగింది. ఆ వాక్యం దాకా చదివి, అక్షరాలు సరిగా కనబడడం లేదని చెప్పాను. సోమవారం మళ్లీ వస్తానన్నది. ఆమెకు పైకి చదివి వినిపించగల కాగితం ఆలోగా దయచేయించండి.

విధేయుడు,
స్టోరు గుమస్తా